మొద్దుబారిన పళ్ళు

తెలుగులో ‘మొద్దు’ అన్న మాట ఒక్కటే గాని దాని కాపురాలు మూడు. చెట్టు నరికిన తరువాత నేలలో మిగిలినది మొద్దు. పదును పోయిన కత్తి మొద్దు. పాఠము తలకెక్కని పిల్లవాడు మొద్దు. నానార్థాలు చెప్పవలసి వచ్చినప్పుడు తరగతిలో మేము తరచు ఈ మాటనే ఉదాహరణగా తీసుకొంటూ వచ్చినాము. పిల్లలు నవ్వుతారు, మూడవ అర్థము దగ్గరికి వచ్చేసరికి అందరూ వెనుక బల్ల వైపు తిరిగి చూస్తారు. ఈ మూడు మొద్దులూ ఒకే సాయంకాలము మదనపల్లెలోని మన కళాశాల ఆవరణలో మా కంటి ముందు నిలిచినవి. ఆ సంగతిని ఈ సంచికకు వ్రాస్తున్నాము. పాలకవర్గపు పెద్దలకు మేము ఒప్పజెప్పవలసిన లెక్క కూడ ఇందులో కొంత ఉన్నది.

నీళ్ళ తొట్టి దగ్గరి చింతచెట్టు పాత విద్యార్థులందరికీ తెలిసినదే. గాలివానకు అది కూలినది. కొమ్మలూ కాండమూ కట్టెల వ్యాపారి కోసుకొని పోయినాడు. మిగిలినది మోకాలెత్తు మొద్దు. దానికి ఒక ప్రక్క ప్రహరీ గోడ, ఇంకొక ప్రక్క వజూ చేసే తొట్టి, ఆ తొట్టి క్రింద నీటి గొట్టము. జె.సి.బి. తెచ్చి పెకలిద్దామంటే వేళ్ళతో పాటు గోడా తొట్టీ లేచి వస్తాయి. తాతల నాడు మొద్దు చుట్టూ గొయ్యి తీసి, ప్రక్క వేళ్ళను గొడ్డలితో తెగవేసి, పిడకల సెగ పెట్టి రోజుల తరబడి రాజబెట్టేవారు. అది పొలములో చెల్లుతుంది గాని, తరగతి గదుల నడుమ పొగ పెట్టుకొని కూర్చోలేము గదా. వార్షికోత్సవానికి ఆ చోటనే షామియానా వేయవలెను గనుక, మొద్దును తీయించే భారము పాలకవర్గము మా మీద ఉంచినది. తెలుగు ఉపన్యాసకునికే ఈ పని ఎందుకు అప్పగించినారో మాకు తెలియదు. బహుశః ఆనాటి సమావేశానికి ముందుగా వచ్చి కూర్చున్నది మేమే అయి ఉండవలెను.

అప్పుడు మా పాత శిష్యుడు ఒకడు జ్ఞాపకము వచ్చినాడు. పేరు వ్రాయము. బ్యాంకులో అప్పు తీసుకొని, బెంగళూరులో ఎవరో వాడి విడిచిన స్టంపు గ్రైండరు కొన్నాడు. మదనపల్లె, పుంగనూరు చుట్టుప్రక్కల ముదిరిన మామిడితోటలను కొట్టివేసి కొత్త మొక్కలు నాటేవారి దగ్గర దానితో కూలికి పని చేస్తున్నాడు. ఇంటర్మీడియెట్టులో ఉన్నప్పుడు అతనికి ఛందస్సు కొరుకుడు పడేది కాదు. ఒకనాడు గణవిభజన చేయలేక నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకొని నిలబడి ఉండగా, ‘మొద్దు’ అన్న మాటకు మూడవ అర్థమును మేము అతనిని చూపించే చెప్పినాము. తరగతి నవ్వినది. మేము మరచిపోయినాము.

యంత్రము వచ్చినది. చూడని వారి కోసము దాని తీరు కొంచెము చెప్పవలసి ఉన్నది. ముందు భాగమున మందపాటి ఉక్కు చక్రము ఒకటి. దాని అంచు పొడవునా, రెండు ముఖాల మీదా, బొటనవ్రేలంత పళ్ళు బోల్టులతో బిగించి ఉంటాయి. అతని చక్రానికి అవి 16. చక్రము అతివేగముగా తిరుగుతూ మొద్దు పైన ఈ ప్రక్క నుంచి ఆ ప్రక్కకు ఊగుతుంది. ఒక్కొక్క ఊపుకు కొంత మొద్దు పొట్టుగా రాలిపోతుంది. రంపము కోసి ముక్కను వేరు చేస్తుంది. ఇది వేరు చేయదు, కొబ్బరిని కోరినట్లు మొద్దును ఉన్నచోటనే కోరి వేస్తుంది. నేలమట్టము దాటి జానెడు లోతు దాకా కూడ పోతుంది. గోడ కదలదు, తొట్టి కదలదు. చక్రము చుట్టూ రేకు కవచము, ముందు వ్రేలాడే దళసరి రబ్బరు తెర. ఎగిరే పొట్టును, రాళ్ళను ఆపుటకు ఆ తెర. దానిని గురించి మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

పళ్ళు చూచుటకు ఇనుప మేకుల వలె ఉంటాయి గాని, పన్ను అంతా ఒకే లోహము కాదు. మొదలు ఉక్కు. కొనకు టంగ్‌స్టన్ కార్బైడు తునకను మాటు వేసి అతికిస్తారు. టంగ్‌స్టనూ కర్బనమూ కలిసిన గట్టి పొడికి కొంచెము కోబాల్టు చేర్చి, అచ్చులో నొక్కి, కొలిమి వేడిమిలో కాల్చితే ఆ తునక తయారవుతుంది. విద్యుద్దీపాలలోని సన్నని తీగను సాగదీయుటకు వజ్రపు అచ్చుల ఖర్చు భరించలేక, వాటికి బదులు వెదకుతున్న జర్మనీ దేశస్థులు దీనిని కనిపెట్టినారు. 1923లో కార్ల్ ష్రోటర్ అన్నవాడు ఈ విధానానికి పేటెంటు కోరినాడు. తరువాత క్రుప్ సంస్థ ‘విడియా’ అన్న పేరుతో దానిని బజారులోకి తెచ్చినది. జర్మను భాషలో ‘వజ్రము వలె’ అన్న రెండు మాటలను కుదించి కట్టిన పేరు అది. మన ప్రాంతపు కార్ఖానాలలో మిస్త్రీలు నేటికీ ‘విడియా’ అనే అంటారు. అది జర్మను మాట అని వారిలో ఎందరికి తెలుసునో!

ఇంత గట్టి పన్ను ఎందుకు అరుగుతుంది? కర్ర వలన కాదు. చింతకర్ర ఎంత చేవదైనా కార్బైడు ముందు మెత్తనిదే. అరిగించేది మట్టి. మదనపల్లె నేల గ్రానైటు గుట్టలు శిథిలమై ఏర్పడిన ఎర్రని ఇసుకనేల. దానినిండా పలుగురాతి రేణువులు. ఖనిజాల గట్టితనానికి 1812లో మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన పది మెట్ల కొలతలో వజ్రము 10, పలుగురాయి 7. సాధారణమైన ఉక్కు ఆ పలుగురాతికి దిగువనే ఉంటుంది. కార్బైడు 9 దగ్గర ఉంటుంది. కనుకనే ఉక్కు గొడ్డలి మట్టిలో ఒక్క దెబ్బకే అంచు పోగొట్టుకొంటుంది; కార్బైడు నెమ్మదిగా అరుగుతుంది. అయితే ఆ గట్టితనానికి తోడు పెళుసుతనము ఒకటి ఉన్నది. ఉక్కుకు దెబ్బ తగిలితే వంగుతుంది. కార్బైడు వంగదు, పగులుతుంది.

పని మొదలైన నాడు పొట్టు పెద్ద పెద్ద పెచ్చులుగా రాలినది. మరునాటి మధ్యాహ్నానికి అదే పొట్టు పిండిగా మారినది. యంత్రము తడబడుతూ ఎగిరెగిరి పడసాగినది. కమురు వాసన వచ్చినది. ఒక జానెడు దిగుటకు మొదటి రోజున పట్టిన కాలానికి రెండింతలు పట్టినది. ఇవన్నీ పళ్ళు మొద్దుబారిన గుర్తులని ఇప్పుడు మాకు తెలుసు. అప్పుడు తెలిసినది అతనికి మాత్రమే. యంత్రము ఆపి వచ్చి, “సార్, పండ్లు మొద్దయినాయి. ఈ పొద్దుకు ఆపేద్దాము. సాన పట్టించి ఎల్లుండి వస్తా” అన్నాడు.

వార్షికోత్సవానికి ఇంక మూడు రోజులు. షామియానా వారు ఫోను మీద ఫోను చేస్తున్నారు. “ఇంకొక రెండు గంటలు లాగించు నాయనా, మిగిలినది ఎంత?” అన్నాము. అతడు తల వంచుకొని నిలబడినాడు. నల్లబల్ల ముందు నిలబడినది కూడ అలాగేనని ఆ క్షణమున మాకు తోచలేదు. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. ఎంత మిగిలినదో మాకు కనబడుట లేదని, రబ్బరు తెర పైకి కట్టుమని కూడ చెప్పినాము. చెప్పినది గురువు. కట్టినాడు.

చింతమొద్దు లోపల ఒక ఇనుప కొంకి ఉన్నది. ఎప్పుడో ఎవరో జట్కా గుర్రమును కట్టుటకు కొట్టి ఉంటారు. చెట్టు దాని చుట్టూ పెరిగి దానిని మింగినది. పైకి ఆనవాలు లేదు. పదునైన పన్ను అయితే ఇనుము తగులగానే చప్పుడు మారి, తోలేవానికి తెలిసిపోయేదట. మొద్దు పళ్ళతో యంత్రము అప్పటికే గంట నుంచి ఎగురుతున్నది గనుక ఆ చప్పుడు తేడా తెలియలేదు. ఠంగుమన్నది. ఒక పన్ను కొన విరిగి తెర లేని దారిన బయటికి వచ్చినది. సైకిళ్ళ షెడ్డు దగ్గర మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు నోటుపుస్తకము చంకన పెట్టుకొని పని చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ తునక అతని చెవి ప్రక్కగా పోయి వెనుక రేకును చిల్లిచేసినది. అతనికి ఏమి జరిగినదో తెలియలేదు. చెవి తడుముకొని, “ఏమి సార్ అది?” అని అడిగినాడు. మాకు నోట మాట రాలేదు. అల్లాహ్ కాపాడినాడు. శిష్యుడు ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసుకొని, చక్రము పూర్తిగా నిలిచిన తరువాత గాని దగ్గరికి పోలేదు. అంత కంగారులోనూ అతడు మరువని వరుస అది.

విరిగిన పన్ను ఒక్కటి కాదు, రెండు. రెండవదాని గూడు, అనగా చక్రము మీద పన్ను కూర్చునే చోటు కూడ కొంత దెబ్బ తిన్నది.

మరునాడు ఉదయము అతని సరకుల బండిలో మేమిద్దరము పుంగనూరు బయలుదేరినాము. పళ్ళన్నీ ఊడదీసి గోనెసంచిలో వేసుకొన్నాడు. పుంగనూరే ఎందుకంటే అక్కడ మాకు తెలిసిన సాన పట్టే పెద్దాయన ఒకరు ఉన్నారు. బక్రీదుకు ముందు మా ఇంటి కత్తులన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. సైకిలు వెనుక చక్రానికి పట్టీ వేసి చిన్న సానరాతిని తిప్పుకొంటూ ఆయన వీధి వీధి తిరుగుతారు. పొట్టి ఆవులకు పేరు పొందిన ఆ ఊరిలో, ఆవు కన్న ఆ సైకిలే మాకు చిన్ననాటి నుంచి ఎక్కువ పరిచయము.

దారిలో చాలాసేపు ఇద్దరమూ మాటలాడలేదు. పుంగనూరు దగ్గర పడుతుండగా అతడు, రోడ్డు మీది నుంచి చూపు త్రిప్పకుండానే అన్నాడు: “ఆ పొద్దు క్లాసులో నన్ను మొద్దంటిరి సార్. నిన్న పండ్లు మొద్దయినాయి అంటే వినకపోతిరి.” కోపముగా అనలేదు. లెక్క చెప్పినట్లు అన్నాడు. జవాబు చెప్పుటకు మేము నోరు తెరిచే లోపలే బండి బజారులోకి వచ్చినది.

పెద్దాయన పన్నును చేతిలోకి తీసుకొని బరువు చూచినారు. సైకిలు తొక్కి రాతికి ఆనించినారు. కత్తి పెట్టినప్పుడు రాతి నుంచి పసుపుపచ్చని రవ్వలు చిచ్చుబుడ్డి వలె ఎగురుతాయి. ఇప్పుడు రెండు మూడు నల్లెర్రని రవ్వలు మాత్రము పుట్టి అక్కడనే చచ్చినవి. ఆయన తొక్కుట ఆపి, రాతి మీద వ్రేలు పెట్టి చూచుకొన్నారు. రాతికి గాడి పడినది. పన్నుకు ఏమీ కాలేదు.

“నక్కో బేటా. ఇది లోహా కాదు. నా రాయి దీన్ని తినేది లేదు, ఇదే నా రాయిని తింటా ఉండాది” అన్నారు. గాడి పడిన రాతికి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. పని చేయనిదానికి కూలి ఏమిటన్నారు. తరువాత పన్నును ఇంకొకసారి త్రిప్పి చూచి, బండలు తొలిచే చువ్వల కొనకు కూడ ఇటువంటి ముక్కనే ఉంటుందనీ, కుప్పము పక్క గ్రానైటు పనిచేసే చోట్ల వాటికి సాన పట్టేవారు ఉంటారనీ చెప్పినారు. డెబ్బది ఏండ్ల మనిషి, తన రాతికి లొంగని వస్తువును చూచి చిన్నబుచ్చుకోలేదు. ఎవరి రాతికి లొంగుతుందో చెప్పి పంపినారు.

ఉర్దూ శాఖ మిత్రుల కోసము ఇక్కడ ఒక మాట. మనము ‘సాన’ అన్నదానిని ఉర్దూలో ‘సాన్’ అంటారు. రెండింటికీ మూలము సంస్కృతపు ‘శాణము’. కత్తి అంచు మనకు ‘ధార’, వారికి ‘ధార్’. రంపపు పన్నుకు, దువ్వెన పన్నుకు పారసీకము నుంచి వచ్చిన ‘దందానా’ కూడ మన ‘దంతము’నకు దగ్గరి చుట్టమే. మాటలు కలిసినంత సులభముగా పనిముట్లు కలియవు. కమ్మరి కొడవలికి కక్కు కొట్టుట, వడ్రంగి రంపపు పళ్ళను ఆకురాతితో రాచి ఒకటి విడిచి ఒకటిగా కుడి ఎడమలకు వంచుట, రోళ్ళకు గంట్లు పెట్టుట, వీటన్నిటినీ మనము పదును పెట్టుట అనే అంటాము గాని, ఒకదాని పదును ఇంకొకదానికి పనికిరాదు.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పము చేరేసరికి మధ్యాహ్నమయినది. 2022 వరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడూ ఒక్క చిత్తూరు జిల్లాలోనివే అయినా, కుప్పము గాలి వేరు. అంగడి ముందు నిలబడితే తెలుగు, తమిళము, కన్నడము మూడూ చెవిన పడతాయి. కుప్పమనగానే మా వంటివారికి 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయము తలపుకు వస్తుంది. బయటి దేశాలలో ఆ ఊరి పేరు తెలిసినది మాత్రము రాతి వలన: ‘కుప్పం గ్రీన్’ అనే ఆకుపచ్చ గ్రానైటు అక్కడిదే. మా శిష్యుడు ఇద్దరు ముగ్గురిని అడిగి ఒక షెడ్డు పట్టుకొన్నాడు. బయట గోడకు తొలిచే చువ్వలు వరుసగా ఆనించి ఉన్నాయి.

షెడ్డు యజమాని సంచిని నేల మీద బోర్లించి, “విడియానా తమ్ముడూ?” అని, అడుగకుండానే పళ్ళను వేరు చేయసాగినాడు. ఆ వేరు చేయుటను మేము గంటసేపు చూచినాము. ముప్పది జవాబు పత్రాలను దిద్దుటలో ఇంత శ్రద్ధ మాకు ఏనాడూ లేదు.

ప్రతి పన్నును గుడ్డతో తుడిచి, కొనను వాకిటి వెలుతురుకు పట్టినాడు. నిజమైన పదును అంచుకు వెడల్పు ఉండదు గనుక వెలుతురు దాని మీద నిలువదు. మొద్దుబారిన అంచు మీద తెల్లని గీత మెరుస్తుంది. ఆ గీత సన్నగా ఉండి, తునకలో ఇంకా చాలినంత కార్బైడు మిగిలి ఉంటే ఆ పన్ను సానకు. అంచు పెచ్చు లేచినా, గోరుతో లాగితే తగిలే బీట ఉన్నా సానకు పనికిరాదు. రాచినకొద్దీ బీట లోపలికి పోతుంది, రేపు యంత్రములో అక్కడనే విరుగుతుంది. మూడవ జాతి ఒకటి ఉన్నది. మేమైతే దానిని బాగున్నదనే అనుకొని ఉండేవారము. కొన పదునుగానే ఉన్నది, పెచ్చు లేదు, బీట లేదు. కాని దాని వెనుక అండగా ఉండవలసిన ఉక్కు మట్టి రాపిడికి తినిపోయినది. ఆనుకొనుటకు ఏమీ లేని తునక ఎంత పదునుగా ఉన్నా మొదటి దెబ్బకే ఊడిపోతుందని చెప్పి, అతడు దానిని విరిగిన వాటి ప్రక్కన వేసినాడు. చివరకు లెక్క తేలినది: సానకు 9, మార్చవలసినవి విరిగిన రెండింటితో కలిపి 7.

“నిన్న మధ్యాహ్నమే ఆపింటే పన్నెండు పదమూడు సానతోనే పొయ్యేవి” అన్నాడు, శిష్యుని వైపు చూచి. శిష్యుడు మా వైపు చూడలేదు. నేరము తన మీదనే ఉండనిచ్చినాడు. అప్పుడు మేమే, “ఆపవద్దన్నది మేమండీ” అన్నాము. షెడ్డు యజమాని మమ్మల్ని ఎగాదిగా చూచి, సార్లకు యంత్రాల సంగతి ఏమి తెలుసులే అన్నట్లు తల ఊపినాడు.

అతని యంత్రానికి రెండు చక్రాలు. ఒకటి ఆకుపచ్చని రాయి. అది సిలికాన్ కార్బైడు. 1891లో అమెరికాలో అచెసన్ అన్నవాడు కొలిమిలో ఆ పదార్థమును పుట్టించినాడు. కార్బొరండము అని పేరు పెట్టినది అతడే. మామూలు బూడిదరంగు సాన కార్బైడు మీద నునుపుగా జారుతుంది. ఈ పచ్చరాయి దానిని కొరుకుతుంది. రెండవ చక్రము అంచున వజ్రపు పొడి. ముందు పచ్చరాతితో, చివరి నునుపు వజ్రముతో. వజ్రపు చక్రానికి పన్ను వెనుక ఉక్కును మాత్రము తగలనీయలేదు. వజ్రము కూడ కర్బనమే. వేడెక్కిన ఇనుము కర్బనమును తనలోనికి లాగుకొంటుంది గనుక, ఉక్కును రాస్తే ఖరీదైన చక్రము వృథాగా అరిగిపోతుందట. పన్నుకు ఫ్యాక్టరీలో పెట్టిన వాలు ఎంత ఉన్నదో అంతే నిలిపినాడు. ఇంకొంచెము పలుచన చేస్తే మరింత పదును వస్తుంది గదా అని అడిగితే, వస్తుంది గాని నిలువదన్నాడు. నాలుగుసార్లు ఆనించి తీసి, చేతికి వేడి తెలియగానే ప్రక్కన పెట్టి ఇంకొకటి తీసుకొన్నాడు. ప్రక్కనే నీళ్ళ డబ్బా ఉన్నది; కొడవలిని ముంచినట్లు ముంచలేదు. వేడి మీద ఉన్న కార్బైడుకు చన్నీళ్ళు తగిలితే బీటలు వారుతుంది. ఎక్కువ కాగితే అతికిన మాటు సడలుతుంది. దుమ్ము ఊపిరితిత్తులకు చేటు గనుక ముక్కుకు ముసుగు కట్టుకొన్నాడు, మా చేతికీ ఒకటి ఇచ్చినాడు.

కొత్త పళ్ళు అతని దగ్గర లేవు. బెంగళూరు నుంచి తెప్పించవలసి వచ్చినది. కాబట్టి వార్షికోత్సవము మొద్దు ఉండగానే జరిగినది. సగము తురిమిన మొద్దు మీద పచ్చని గుడ్డ కప్పి, దాని మీద క్రోటను కుండీ ఒకటి పెట్టించినాము. ముఖ్య అతిథి తమ మెడలోని దండ తీసి ఆ కుండీకి వేసినారు. ఆ పీట ఎంతో అందముగా ఉన్నదని పాలకవర్గములో ఒకరు మాతో అన్నారు. ఏ రెండు గంటల కోసము మేము తెర పైకి కట్టించినామో ఆ రెండు గంటలు ఎవ్వరికీ అక్కరలేకపోయినవి.

మరుసటి వారము అతడు వచ్చి పళ్ళు బిగించినాడు. ముందు గూళ్ళలోని మట్టిని, పొట్టును తీగబ్రష్షుతో తోమినాడు. గూటిలో చిటికెడు మట్టి ఉన్నా పన్ను సరిగా కూర్చోదు, సందు ఉన్న పన్ను ఆడి ఆడి గూటినే తినివేస్తుంది. దెబ్బ తిన్న గూటిని అప్పటికే వెల్డింగు చేయించి సరిచేసినాడు. కొత్తది బిగించిన చోటికి సరిగ్గా ఎదురుగా కూడ కొత్తదే పెట్టినాడు, చక్రము ఒక ప్రక్కకు బరువు కాకుండా. ఏడు కొత్తవాటికి జతలు కుదరక ఎనిమిదవది కూడ కొనవలసి వచ్చినది. సాన పట్టిన వాటిలో మిగిలినది ఒకటి సంచిలోనే ఉన్నది. సాగిపోయిన పాత బోల్టులు పారవేసినాడు. బిగించిన తరువాత యంత్రమును కొద్దిసేపు నడిపి, మళ్ళీ ఆపి, మళ్ళీ తాళపుచెవి తీసి, అన్ని బోల్టులనూ రెండవసారి తడిమినాడు. ఆ రెండవ తడుము చూస్తూ ఉండగా, ఛందస్సు రానివాడని ఎనిమిదేండ్ల క్రిందట మేము తేల్చివేసిన ఆ చేతుల మీద మా చూపు నిలువలేకపోయినది. “ఆ రోజు అట్లా అనవలసింది కాదు” అన్నాము. “ఏ రోజు సార్?” అన్నాడు. తెలియక అడిగినాడో, తెలిసే అడిగినాడో! రెండు రోజులూ అని చెప్పినాము. నవ్వి, తెరను క్రిందికి వదలి, మమ్మల్ని గోడ అవతలికి పొమ్మని చేయి ఊపినాడు. పోయినాము.

చక్రము తిరిగినది. పొట్టు మళ్ళీ పెద్ద పెద్ద పెచ్చులుగా రాలినది. ప్రొద్దు వాలక ముందే మొద్దు నేలలో కలిసినది.

ఇక లెక్క. మంజూరైన మొత్తములో యంత్రపు బాడుగ మాత్రమే వ్రాసినాము. పళ్ళ ధర, సాన కూలి, గూటి వెల్డింగు ఖర్చు మేము ఇచ్చినాము. కళాశాల పద్దులో వేయలేదు. అతడు విరిగిన రెండు పళ్ళ ధర మాత్రమే తీసుకొంటాననీ, మిగిలినవి ఎట్లాగూ అరగవలసినవేననీ వాదించినాడు. కుప్పము షెడ్డువాడు చెప్పిన మాటను అతనికే గుర్తు చేసి మొత్తము చేతిలో పెట్టినాము.

సైకిళ్ళ షెడ్డు రేకులోని చిల్లి అట్లాగే ఉన్నది. నిలబడి చూస్తే సరిగ్గా మా చెవి ఎత్తున ఉన్నది. దానిని మూయించుటకు పాలకవర్గమువారు అనుమతి ఇచ్చి నెల దాటినది. మేమే ఇంకా మూయించలేదు.